రేడియేటరుకీ ఫ్యానుకీ మధ్య

మన దేశంలో జీపు కథ పెట్టెల్లోనే మొదలైంది. 1940ల చివర్లో అమెరికా విల్లీస్ కంపెనీ జీపులు విడిభాగాలుగా ఓడల్లో బొంబాయికి వచ్చేవి. మజ్‌గావ్‌లో మహీంద్రా వాళ్లు వాటిని బిగించి రోడ్డెక్కించేవాళ్లు. ఆ తర్వాత 1957లో ఇంగ్లండులో కోలిన్ చాప్‌మన్ లోటస్ సెవెన్ అనే చిన్న కారు తెచ్చాడు. దాన్ని విడిభాగాలుగా కూడా అమ్మేవాడు. తయారైన కారు కొంటే కట్టాల్సిన పన్ను, భాగాలు కొని ఇంట్లో బిగించుకుంటే తప్పేది. అలా అక్కడ కిట్ కారు కట్టుకోవడం చాలామందికి సరదా అయింది.

మా గుమ్మలక్ష్మీపురం కొండల వైపు అది సరదా కాదు, అవసరం. ఎగువ ఊళ్లకు బస్సు పోదు. కొత్త బండి కొనే స్తోమత అందరికీ ఉండదు. పాత జీపు ఛాసిస్ ఒకటి ఏ చింతచెట్టు కిందో తుప్పు పడుతూ ఉంటుంది. ఇంజను ఒకచోట, గేరుబాక్సు మరోచోట, రేడియేటరు ఇంకోచోట వెతికి తెచ్చుకుని, పెరట్లో నాలుగు రేకులు వేసుకుని, ఆ నీడన బండి కడతారు.

మా పెరట్లోనూ అలా ఒక జీపు తయారైంది. నేను హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. మా మేనల్లుడు ఐటీఐలో డీజిల్ మెకానిక్ ట్రేడు చేశాడు. ఛాసిసూ ఇంజనూ ఒకే పాత మహీంద్రావి, కాగితాలున్నవి. గేరుబాక్సు వేరే జీపుది. అది సరిగా కూర్చోవాలంటే ఇంజను కాస్త వెనక్కి జరగాలి, అందుకని మౌంటింగులు కోసి వెనక్కి వెల్డింగు పెట్టించాం. రేడియేటరు ఒక సరుకుల బండిది. జీపుకి ఉండేదానికంటే పొడవు, లోపల గొట్టాలు కూడా ఎక్కువ వరసలు. ‘పెద్దదైతే ఇంకా మంచిదే కదా మావయ్యా’ అన్నాడు మేనల్లుడు. వాటర్ పంపు, బెల్టు, థర్మోస్టాట్ కొత్తవి. హోసు పైపులు ట్రాక్టరు స్పేర్ల కొట్లో దొరికాయి.

కురుపాం మీదుగా పార్వతీపురం వెళ్లొచ్చినా టెంపరేచర్ మీటరు ముల్లు మధ్యలోంచి కదిలేది కాదు. అదే బండి దుడ్డుఖల్లు వైపు కొండదారి పట్టిందంటే కొన్ని మలుపులు తిరిగేసరికి ముల్లు ఎర్రగీత చేరేది. రేడియేటరు మూత పక్కనుంచి ఆవిరి బుస్సుమనేది. బండి పక్కకి తీసి, బానెట్ ఎత్తి, చల్లారేదాకా జీడిచెట్ల కింద కూర్చోవడమే. దిగేటప్పుడు మాత్రం ఏమీ ఎరగనట్టు దిగేది.

సంతకొచ్చిన ప్రతి డ్రైవరూ ఒక సలహా ఇచ్చాడు. థర్మోస్టాట్ పీకి పారేయమన్నవాళ్లే ఎక్కువ. ఘాటీ రోడ్లమీద ఇది పాత అలవాటు. ఇంజనులోంచి రేడియేటరుకి నీళ్లు పోయే దారిలో ఉండే చిన్న తలుపు అది. లోపల మైనం ఉంటుంది. సుమారు 82 డిగ్రీల దగ్గర ఆ మైనం కరిగి, ఉబ్బి, తలుపు తెరుస్తుంది. పాతబడితే మూసుకున్నది మూసుకున్నట్టే ఉండిపోతుంది కాబట్టి డ్రైవర్లకి దానిమీద అనుమానం ఉండటం సహజం. కాని కొన్ని ఇంజన్లలో ఆ తలుపు రేడియేటరు వైపు తెరుచుకుంటూనే రెండోవైపు ఉన్న అడ్డదారిని మూస్తుంది. దాన్ని పీకేస్తే అడ్డదారి బార్లా తెరిచే ఉంటుంది. నీళ్లలో కొంత రేడియేటరు మొహం చూడకుండానే వేడివేడిగా ఇంజనులోకి తిరిగొస్తుంది. వేడి తగ్గుతుందని పీకితే పెరుగుతుంది.

హెడ్ గాస్కెట్ కొట్టేసిందని ఒకరు, పంపు లోపలి రెక్క అరిగిందని ఒకరు, ఫ్యానుకి ఇంకో రెండు రెక్కలుండాలని ఒకరు. వీళ్లెవరినీ నేను తక్కువ చేయను. ప్రతి సలహా వెనకా ఒక బండి ఉంది, ఆ బండికి ఆ మందు నిజంగానే పనిచేసింది. మా బండి మాత్రం వాళ్లలో ఎవరి బండీ కాదు.

చివరికి ఒక ముసలి మెకానిక్కు దగ్గరికి వెళ్లాం. ఒకప్పుడు సంతలకి సర్వీసు జీపు తోలిన మనిషి. ఇప్పుడు షెడ్డు కొడుకు చూసుకుంటున్నాడు. మా మేనల్లుడు వరసగా చెప్పుకుపోతుంటే చెయ్యెత్తి ఆపాడు.

‘బండికి ఏటైందో నాకు సెప్పకండి మాస్టారూ. ఎక్కడ కాగింది, ఎప్పుడు కాగింది, అప్పుడు ఏ గేరులో ఉంది, గాలి ఎటునుంచి కొడతంది, అది సెప్పండి.’

నేను ఇన్నేళ్లుగా బళ్లో పిల్లలకి చెబుతున్నది ప్రయోగం, పరిశీలన, అనుమితి అనే వరసే. ఆ వరసని అంత సూటిగా ఎవరూ నా ముందు పెట్టలేదు. బానెట్ ఎత్తకముందే ఆయన సగం కారణాలు కొట్టేశాడు. మైదానంలో గంటసేపు పరుగెత్తినా కాగదంటే పంపు తిరుగుతోంది, థర్మోస్టాట్ తెరుచుకుంటోంది. నిలబెట్టి ఇంజను ఆన్‌లో ఉంచినా కాగదంటే ఫ్యాను ఎంతోకొంత లాగుతోంది. మెల్లగా పోతూ బరువు లాగినప్పుడే కాగుతోందంటే, వేడి ఎక్కువ పుట్టి, అవతలికి పోయే గాలి తక్కువైన చోట చూడాలి.

ఆయన చెప్పింది అంతే. దాని వెనకున్న లెక్క తర్వాత నేను వేసుకున్నాను. 60 హార్సుపవర్ల డీజిల్ ఇంజను పూర్తి బలంతో లాగుతుంటే అది ఇచ్చే శక్తి సుమారు 45 కిలోవాట్లు. డీజిల్ మండితే వచ్చే శక్తిలో ఇలా పనికొచ్చేది మూడో వంతుకి కాస్త అటూఇటూ. మిగిలినదాంట్లో పెద్ద వాటా పొగ గొట్టంలోంచి పోతుంది, ఇంకో పెద్ద వాటా నీళ్లలోకి దిగుతుంది. ఆ నీళ్ల వాటా ఇరవై బాత్రూం గీజర్లు ఒకేసారి వేసినంత ఉంటుంది. అంత వేడినీ మోటారు ముందున్న ఒక చట్రం గాలిలోకి వదిలేయాలి.

ఇక్కడే గాలి ఎంత బలహీనమైన కూలీయో తెలుస్తుంది. ఒక లీటరు నీరు ఒక డిగ్రీ పెరుగుతూ మోసుకుపోయే వేడిని గాలి మోయాలంటే దాదాపు 3,500 లీటర్ల గాలి కావాలి. విశిష్టోష్ణం అని పిల్లలకి నల్లబల్ల మీద రాసేదానికి సాంద్రత కూడా తోడైతే వచ్చే లెక్క ఇది. ఇంజను చల్లబరిచే పనిలో నీరెప్పుడూ ముందే ఉంటుంది, వెనకబడేది గాలి. కాని మనిషి అనుమానం ఎప్పుడూ నీళ్ల మీదికే పోతుంది. నీళ్లు కంటికి కనబడతాయి, కారతాయి, మరుగుతాయి, చేతికి తగులుతాయి. గాలి ఏ దారిన పోతోందో ఎవరికీ కనబడదు. కాబట్టి ఎవరూ దాన్ని తలవరు. పంపు, గాస్కెట్, థర్మోస్టాట్, పెద్ద రేడియేటరు అని మాకు చెప్పిన మందుల్లో ఫ్యాను రెక్కల మాటొక్కటి తప్ప అన్నీ నీటి పక్షానివే.

మోటారు కారు చరిత్ర కూడా ఇదే దారిలో నడిచింది. 1888లో బెర్తా బెంజ్ భర్త చేసిన మూడు చక్రాల బండి వేసుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ వెళ్లినప్పుడు, ఇంజను చల్లబరిచే నీళ్లు ఆవిరై పోతుంటే దారిలో మళ్లీ మళ్లీ పోసుకుంటూ వెళ్లింది. అసలు మార్పు తెచ్చినవాడు విల్హెల్మ్ మేబాక్. 1901 నాటి మెర్సిడెస్‌కి ఆయన చేసిన రేడియేటరులో 8,070 సన్నని గొట్టాలున్నాయి. వాటిలోంచి పోయేది నీరు కాదు, గాలి. నీరు వాటి చుట్టూ సందుల్లో తిరుగుతుంది. వెనక ఒక ఫ్యాను. నీళ్లు మోయడం తగ్గి గాలి తగలడం పెరిగింది. బండి మరింత బలమైన ఇంజనుతో పరుగెత్తింది.

ముసలాయన తనిఖీ చేసిన వరస చెబుతాను. ఏ ఊళ్లో ఎవరు బండి కట్టుకున్నా పనికొస్తుంది.

ముందు మీటరు. ‘ముల్లు నిజం సెప్తందని నీకెలా తెలుసు?’ అని మేనల్లుణ్ణి అడిగాడు. మా మీటరు ఒక కంపెనీది, ఇంజనుకి బిగించిన సెన్సరు ఇంకో కంపెనీది. వేడికి సెన్సరు నిరోధం మారుతుంది, ఆ మార్పునే మీటరు ముల్లుగా చూపిస్తుంది. రెండూ జతవి కాకపోతే ముల్లు నోటికొచ్చింది చెబుతుంది. బడి ల్యాబులోంచి థర్మామీటరు తెచ్చి, సెన్సరుని వైర్లతో సహా గిన్నెడు నీళ్లలో వేసి, స్టవ్వు మీద పెట్టి చూశాం. థర్మామీటరులో తొంభై దాటకుండానే ముల్లు ఎర్రగీత ఎక్కేసింది. అయితే రేడియేటరులోంచి వచ్చిన ఆవిరి మాత్రం అబద్ధం కాదు. మీటరు తప్పు చెబుతూ ఉండవచ్చు, బండి నిజంగానే కాగుతూనూ ఉండవచ్చు. ఒక లోపం దొరికింది కదా అని రెండోదాన్ని వెతకడం మానేయకూడదు. ఆ మాట ఆయన చెప్పలేదు, చేతల్లో చూపించాడు. మీటరు పక్కన పెట్టి వెంటనే తర్వాతి పనిలో పడ్డాడు.

తర్వాత మూత. చాలామందికి రేడియేటరు మూత అంటే నీళ్లు ఒలక్కుండా ఉండే బిరడా. నిజానికి అది ఒత్తిడి పట్టి ఉంచే వాల్వు. ఒత్తిడి పెరిగితే నీరు మరిగే డిగ్రీ పెరుగుతుంది. కొత్త బండ్ల మూత 0.9 బార్ దగ్గర పట్టి ఉంచితే నీరు 118 డిగ్రీల దాకా మరగదు. కొండ ఎక్కుతుంటే ఇది ఇంకా అవసరం. సముద్రమట్టం నుంచి ప్రతి 300 మీటర్లకీ నీరు మరిగే డిగ్రీ సుమారు ఒకటి తగ్గుతుంది. 900 మీటర్ల ఎత్తున్న అరకులో మూత లేని గిన్నెలో నీళ్లు 97 దగ్గరే మరుగుతాయి. మూత రబ్బరు పగిలిపోయిన బండి మైదానంలో నెట్టుకొచ్చి ఘాటీలో మరిగిపోవడానికి ఇదొక కారణం. అలాగని పాత జీపు రేడియేటరుకి కొత్త కారు గట్టి మూత పెడితే సోల్డరు అతుకులు ఊడతాయి. మా మూత రబ్బరు బాగానే ఉంది.

హోసు పైపు. ఇంజను వేగం పెంచి కిందిపైపు మీదే కళ్లు పెట్టాడు. పంపు లాగే వైపు అది. లోపల స్ప్రింగు లేని పైపైతే వేగం పెరిగినప్పుడు చప్పిడిగా అతుక్కుపోతుంది, ఇంజను నెమ్మదించగానే మామూలుగా అవుతుంది. అందుకే నిలబెట్టి చూసేవాడికి దొరకదు. మాది అతుక్కోలేదు. గాస్కెట్ కోసం చల్లటి ఇంజను స్టార్టు చేసి, మూత తీసి నీళ్లలో బుడగలు చూశాడు. డిప్‌స్టిక్ తీసి ఆయిలు తెల్లబడిందా అని వేళ్లమధ్య రాసి చూశాడు. బుడగలూ లేవు, ఆయిలూ నల్లగానే ఉంది. ఆ తర్వాత నాకు తోచని పని చేశాడు. కాస్త దూరం తోలి రమ్మని, వచ్చాక నాలుగు చక్రాల హబ్బుల మీదా చెయ్యి పెట్టి చూశాడు. ఒక బ్రేకు పట్టేసి ఉంటే ఇంజను రోజంతా ఆ బ్రేకుతో పోట్లాడుతుంది, తప్పు మాత్రం రేడియేటరు మీద పడుతుంది. నాలుగూ ఒకేలా ఉన్నాయి.

‘దేవుడి గదిలో అగరబత్తి ఉందేటి?’ అని అడిగాడు.

బత్తి వెలిగించి, ఇంజను ఆన్‌లో ఉంచి, ముందు జాలీకి జానెడు దూరంలో పట్టుకున్నాడు. నడిమధ్యలో పొగ తిన్నగా లోపలికి పోయింది. ఫ్యాను లాగుతోంది, సందేహం లేదు. బత్తిని మెల్లగా పైకి, ఎడమ మూలకి జరిపాడు. పొగ లోపలికి పోవడం మానేసి తీగలా నిలువుగా లేచింది. కింది మూలలోనూ అంతే. అంటే మేం ముచ్చటపడి తెచ్చిన పెద్ద రేడియేటరులో గాలి తగులుతున్నది మధ్యలో ఒక గుండ్రం మేరకే. మిగతా చట్రమంతా ఊరికే వేడినీళ్లు మోస్తోంది. తర్వాత బత్తిని రేడియేటరు పక్కన, జాలీకీ దానికీ మధ్య ఉన్న రెండు వేళ్ల సందు దగ్గర పట్టాడు. పొగ లోపలికి పోలేదు సరికదా, లోపలినుంచి వచ్చే వేడిగాలికి వెనక్కి మళ్లి మా మొహాల వైపు వచ్చింది. ఇంజను దగ్గర కాగిన గాలి ఆ సందులోంచి ముందుకొచ్చి, మళ్లీ జాలీలోంచి రేడియేటరులోకే పోతోంది. ఒకసారి కాగిన గాలితోనే బండి చల్లబడాలని చూస్తోంది.

మేనల్లుడు ఒక్క మాటా మాట్లాడకుండా టేపు తెచ్చి ఫ్యానుకీ రేడియేటరుకీ మధ్య దూరం కొలిచాడు. గేరుబాక్సు కోసం ఇంజను వెనక్కి జరిపినప్పుడు ఫ్యాను కూడా వెనక్కి పోయింది. మధ్యలో జానెడు ఖాళీ. ఫ్యానుకి రేడియేటరులోంచి గాలి లాగడం కష్టమైన పని. పక్కనుంచి, తన వెనకనుంచి లాక్కోవడం తేలిక. ఏది తేలికో అదే చేస్తుంది. కంపెనీ బండిలో ఫ్యాను చుట్టూ ష్రౌడ్ అనే తొడుగు ఉండేది అందుకే. అది ఫ్యానుకి వేరే దారి లేకుండా చేస్తుంది. మా రేడియేటరుకి దాని అసలు బండిలో తొడుగు ఉండే ఉంటుంది. మాకు రేడియేటరు ఒక్కటే వచ్చింది.

మైదానంలో ఎందుకు కాగదో ఇప్పుడు తెలిసింది. వేగంగా పోతుంటే ఎదురుగాలి తనంతట తానే రేడియేటరు మొత్తంలోంచి దూసుకుపోతుంది, ఫ్యానుతో పనే లేదు. పక్కసందులోంచి వేడిగాలి ముందుకి రాలేదు. నిలబడి ఉన్నప్పుడు పుట్టే వేడే తక్కువ కాబట్టి మధ్యలోని ఆ గుండ్రం చాలు. కొండ ఎక్కేటప్పుడు రెండో గేరులో బండి పదిహేను, ఇరవై కిలోమీటర్ల వేగం దాటదు, ఎదురుగాలి ఉండదు, ఇంజను పూర్తి బలంతో లాగుతుంది. వెనకనుంచి గాలి వీస్తే ఉన్న కాస్త ఎదురుగాలీ పోతుంది. ముసలాయన మొదటే గాలి ఎటునుంచని అడిగింది దీనికే.

మందు చవకది. జీఐ రేకు కోసి రేడియేటరు మొత్తానికీ సరిపోయే తొడుగు చేశాం. మధ్యలో ఫ్యాను పట్టే గుండ్రం కోశాం. రబ్బరు మౌంటింగుల మీద ఇంజను ఊగుతుంది కాబట్టి రెక్క కొసకీ రేకుకీ మధ్య అంగుళం వదిలాం. రెక్క వెడల్పులో సగానికి పైగా తొడుగులో ఉండేటట్టు ఫ్యాను ముందుకి వచ్చేలా మధ్యలో స్పేసరు వేశాం. పాత లారీ ట్యూబు కోసి రేడియేటరు చుట్టూ ఉన్న సందులన్నీ మూసేశాం. మళ్లీ బత్తి వెలిగిస్తే నాలుగు మూలల్లోనూ పొగ లోపలికి పోయింది. అదే దారిలో, అంతే బరువుతో, మధ్యాహ్నపు ఎండలోనే ఎక్కించాం. జతైన సెన్సరు వేసిన మీటరు ముల్లు మధ్య దాటి కొంచెం పైకి వెళ్లి అక్కడే నిలబడింది.

బానెట్ వెనక అంచు కింద వాషర్లు పెట్టి ఎత్తమని కూడా చాలామంది చెబుతారు. మెల్లగా ఎక్కే దారిలో వేడిగాలి బయటికి పోవడానికి అది పనికొస్తుంది. వేగంగా పోయేటప్పుడు మాత్రం అద్దం మొదట్లో గాలి ఒత్తిడి ఎక్కువ, అందుకని గాలి బయటికి పోవడానికి బదులు లోపలికే వస్తుంది. ముందు తొడుగు, తర్వాతే అలాంటివి.

ఈ జీపు నాకు నేర్పింది ఒకటే. కంపెనీ బండి చెడిందంటే సాధారణంగా ఏదో ఒక భాగం చెడి ఉంటుంది, ఎందుకంటే ఆ భాగాలన్నీ కలిసి పనిచేసేలా ఎవరో ముందే లెక్క వేసి, ఎండలో, కొండల మీద తిప్పి చూసి ఉంటారు. ఇంట్లో కట్టిన బండిలో ప్రతి భాగమూ మంచిదే కావచ్చు. మా రేడియేటరు మంచిది, ఫ్యాను మంచిది, ఇంజను మంచిది. లోపం ఏ భాగంలోనూ లేదు. ఎవరూ తయారుచేయని, ఏ కొట్లోనూ దొరకని ఆ జానెడు ఖాళీలో ఉంది. ‘ఏ భాగం పోయింది?’ అనే ప్రశ్నతో వెతికితే అది జన్మలో దొరకదు. ‘ఎప్పుడు కాగుతోంది? అప్పుడు గాలి ఏ దారిన వస్తోంది, నీరు ఏ దారిన పోతోంది?’ అని అడిగితేనే కనబడుతుంది. భాగాలు మారుస్తూ పోయేవాడికి ఒక్కోసారి అదృష్టవశాత్తు రోగం కుదురుతుంది, కాని ఎందుకు కుదిరిందో తెలియదు. ఆ తెలియకపోవడమే రెండో బండికి తప్పుడు సలహా అవుతుంది. మా చుట్టుపక్కల తిరిగే సలహాల్లో సగం అలా పుట్టినవే అని నా అభిప్రాయం.

బళ్లో ఉష్ణం పాఠం ఇప్పుడు వేరేగా చెబుతున్నాను. సంవహనం నిర్వచనం రాయించే ముందు పిల్లల్ని జీపు దగ్గరికి తీసుకొచ్చి చేతికి బత్తి ఇస్తాను. జాతాపు, సవర గిరిజనుల ఊళ్లనుంచి వచ్చే ఈ పిల్లల్లో చాలామంది సర్వీసు జీపుల వెనక వేలాడుతూ పెరిగినవాళ్లు. ఇంజను కాగడం వాళ్లకి పుస్తకంలో సంగతి కాదు. పొగ వెనక్కి మళ్లిన చోట ఎందుకలా అని వాళ్లే అడుగుతారు.

బండి కట్టుకునే కుర్రాళ్లకి చట్టం సంగతి కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాట గట్టిగానే చెప్పింది. ఇంజను మార్చాలంటే రవాణా శాఖ అనుమతి ముందే తీసుకోవాలి. కాగితాలు లేని ఛాసిస్ మీద ఇంజను ఎక్కించి జనాన్ని ఎక్కించుకోవద్దు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ ఒక్క రూపాయి ఇవ్వకపోవచ్చు, పోయేది ఎక్కినవాళ్ల ప్రాణాలు.

ఇక బండి కాగిన మొదటి రోజునుంచే ఒక పుస్తకం పెట్టుకోండి. ఏ మలుపు, ఏ గేరు, ఎంత బరువు, గాలి ఎటు, ముల్లు ఎక్కడ, అన్నీ అక్కడికక్కడే రాయండి. ఒకసారికి ఒక్కటే మార్చి చూడండి. రెండు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. నీళ్లు తక్కువైతే, బండి చల్లారి మూత తీశాక, ఇంజను మెల్లగా తిరుగుతుండగా కొంచెం కొంచెంగా పోయండి. కాగిన హెడ్డు మీద చన్నీళ్లు ఒక్కసారిగా పడితే పగులుతుంది. గెడ్డ నీళ్లు పోయక తప్పని రోజుంటుంది, కాదనను. కాని ఇంటికొచ్చాక అవి దింపి, డబ్బాలో కలిపి అమ్మే కూలెంటు పోయండి. నీళ్లలో ఉన్న మట్టీ సున్నమూ గొట్టాల లోపల పేరుకుంటాయి.

అన్నిటికంటే ముందు, కాగిన రేడియేటరు మూత తిప్పొద్దు. ఒత్తిడి పోగానే నూరు డిగ్రీలు దాటిన నీటిలో కొంత ఒక్కసారిగా ఆవిరై, మిగతా మరిగే నీటిని కూడా పైకి ఎగజిమ్ముతుంది. ఆవిరి చర్మం మీద నీరుగా మారేటప్పుడు వదిలే వేడి, అంతే బరువున్న మరిగే నీళ్లు చల్లారుతూ వదిలే వేడికి ఎన్నో రెట్లు. ఇంజను ఆపి, అరగంట ఆగి, పై హోసు మీద చెయ్యి పెట్టి చూడండి. చెయ్యి హాయిగా నిలబడి, పిసికితే పైపు మెత్తగా నొక్కుకుంటేనే మందపాటి గుడ్డ వేసి మూత మెల్లగా వదులు చేయండి.